పిలవని పేరంటం

మా అమ్మ కాలంలో పేరంటానికి పిలవాలంటే ఒక పద్ధతుండేది. కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, బొట్టు పెట్టి, "సాయంత్రం మా ఇంటికి రండి" అని చెప్పి వెళ్ళేవారు. ఎండలో నడిచి, పది గుమ్మాలు ఎక్కి దిగి వచ్చిన పిలుపు కనక దానికో విలువ. పిలవని పేరంటానికి వెళ్ళిన మనిషి సంగతి వీధి వీధంతా ఏడాది పాటు చెప్పుకునేది.

ఇప్పుడు పిలవని పేరంటాళ్ళంతా నా కంప్యూటర్లోకి వచ్చి కూర్చుంటున్నారు. చెప్పుకునే వీధీ లేదు, సిగ్గుపడే వాళ్ళూ లేరు!

నేను ఇంట్లో కూర్చుని అనువాదాలు చేస్తాను. ఆరోగ్యం గురించిన చిన్న పుస్తకాలూ, పిల్లల పాఠాలూ ఇంగ్లీషులోంచి తెలుగు చెయ్యడం నా పని. పేజీకింతని ఇస్తారు. మధ్యాహ్నం రెండింటికి అందరి భోజనాలూ అయి, అత్తయ్యగారు నడుం వాల్చాక, మళ్ళీ నాలుగున్నరకి పాలు పొయ్యి మీద పెట్టేదాకా, ఆ రెండున్నర గంటలే రోజు మొత్తం మీద నావి. వాక్యం తెలుగులో కుదరడమంటే సూదిలో దారం ఎక్కించడం లాంటిది సుమండీ. కళ్ళు చికిలించుకుని, ఊపిరి బిగపట్టి, దారం కొస సరిగ్గా బెజ్జం దగ్గరికి తెచ్చే సమయానికి, తెర మూల నుంచి "ఠింగ్!"

ఏమిటయ్యా అంటే, కంప్యూటరుకి కొత్త హంగులొచ్చాయిట, చూడాలిట. అది మూసి కళ్ళు చికిలించగానే మళ్ళీ "ఠింగ్!" ఎక్కడో చీరల దుకాణంలో నలభై శాతం తగ్గింపుట. ఆ దుకాణం నేనెరగను. మా అమ్మాయి ఎప్పుడో ఏదో చూస్తూ, అడ్డమొచ్చిన ప్రశ్నకి "సరే" నొక్కిందిట. ఆ ఒక్క సరేతో వాళ్ళు మా ఇంట్లో కాపురం పెట్టారు. ఇంకో పావుగంటకి కాపలా ప్రోగ్రాం లేచి, "మిమ్మల్ని నేను క్షేమంగా కాపాడుతున్నాను" అని చెప్పి వెళ్ళింది. రాత్రిపూట గూర్ఖా గంటకోసారి నిద్ర లేపి, "అమ్మగారూ, దొంగలెవరూ రాలేదు" అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఈ బాధ చూసి మా అక్క కొడుకు, మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు, "పిన్నీ, ఈ లాప్‌టాప్‌కి ముసలితనం వచ్చింది. రెండు జీబీ మెమరీతో ఇంత బరువు మోయమంటే ఎలా? లినక్స్ వేసి, పైన ఓపెన్‌బాక్స్ పెడతాను" అన్నాడు. ఓపెన్‌బాక్స్ అంటే విండో మేనేజరు. తెర మీద మనం తెరిచే కిటికీలు ఏది ముందుండాలి, ఏది వెనకుండాలి, ఎక్కడికి జరపాలి, ఎంత పెద్దవి చెయ్యాలి, అంతవరకే దాని పని. అడుగున పట్టీ ఉండదు, గడియారం ఉండదు, బొమ్మలుండవు. ఖాళీ తెర మీద మౌసు కుడి మీట నొక్కితే ఒక జాబితా వస్తుంది. కావలసింది ఎంచుకోవడమే. అలికి ముగ్గు పెట్టని వాకిలిలా ఉంది చూడ్డానికి. కానీ మనిషి హాయిగా నడవడానికి చోటుంది.

అన్నిటికన్నా గొప్ప సంగతి, ఠింగ్ లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు! పది రోజుల్లో మామూలుగా మూడు వారాలు పట్టే పని చేశాను. మావారు మాత్రం వెనక నుంచి తొంగిచూసి, "ఇదేమిటోయ్, మూగ మొద్దులా ఉందీ" అన్నారు.

పదకొండో రోజున ఆ మాట నిజమైంది.

అత్తయ్యగారు దోమల మందు మిషను పెట్టుకోవడానికి నా ఛార్జరు ప్లగ్గు తీసేశారు. తప్పు ఆవిడది కాదు, దోమలది. నేను చూసుకోలేదు. పాత సిస్టమైతే బ్యాటరీ తగ్గుతోందని గోల పెట్టి ఉండును. ఇది పెట్టలేదు. నేను సాదా ఎడిటర్‌లో రాసుకుంటూ పోతున్నాను, దాచుకోవడం కూడా మరిచిపోయాను. ఉన్నట్టుండి తెర నల్లబడింది. రెండున్నర పేజీలు గంగలో కలిశాయి. ఆ సాయంత్రానికి పంపవలసిన పని మర్నాడు మధ్యాహ్నానికి పంపాను. ఆలస్యమైందని వాళ్ళేమీ అనలేదు. తరువాతి పుస్తకం మాత్రం ఇంకెవరికో ఇచ్చారు. ఆ నెల అమ్మాయి కాలేజీ బస్సు డబ్బులు నా డబ్బుల్లోంచి కట్టడం కుదరలేదు.

"చూశావా! అందుకే పాతదే పెట్టించుకోమంటున్నాను. నాలుగు ఠింగులు భరిస్తే ఏం పోయింది?" అన్నారు మావారు.

ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. ఈ వ్యాసం రాయడానికి కారణమూ ఇదే. మనకి ఎప్పుడూ ఈ రెండు దారులే చూపిస్తారు. అయితే అందరి గోలా భరించు, లేకపోతే ఎవరి మాటా వినకుండా నష్టపోయి, "నువ్వే కావాలన్నావుగా" అనిపించుకో. అవసరమైన ఒక్క మాట చెప్పాలంటే అనవసరమైన వంద మాటలు చెప్పక తప్పదా? పాలవాడు రావాలి కనక వీధి తలుపు రాత్రింబవళ్ళు బార్లా తీసి ఉంచుకుంటామా?

మా అక్క కొడుక్కి ఫోన్ చేశాను. "నువ్వొచ్చి చెయ్యొద్దు, నాకు చెప్పు, నేను చేసుకుంటాను" అన్నాను. వాడు కాసేపు ఆగి, "సరే పిన్నీ, ఇందులో మూడు ముక్కలున్నాయి, అవి తెలిస్తే చాలు" అన్నాడు. మీకూ చెబుతాను, బెదిరిపోకండి. ఆవకాయ కలపడం కంటే తేలిక.

మొదటి ముక్క, కబురు పంపే ప్రోగ్రాం. రెండోది, కబురు నడిచే దారి. దాన్ని డి-బస్ అంటారు. ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంతో మాట్లాడుకునే బాట అది. మూడోది, ఆ కబురు అందుకుని తెర మీద చీటీగా చూపించే నౌకరు. కనబడకుండా వెనక నుంచి పనిచేసే ఇలాంటి నౌకర్లని కంప్యూటరు వాళ్ళు డీమన్ అంటారు. భూతమనుకుని భయపడకండి, మనింటి పనిమనిషి కంటే నెమ్మది. పెద్ద పెద్ద హంగుల సిస్టముల్లో ఈ నౌకరు ఇంటితో పాటే వస్తాడు. ఓపెన్‌బాక్స్ లాంటి తేలిక విండో మేనేజరు, "కిటికీలు సర్దడం నా పని, కబుర్లు చెప్పడం నా పని కాదు" అంటుంది. మనకి కావాలంటే మనమే నౌకర్ని పెట్టుకోవాలి. నా కంప్యూటర్లో కబుర్లున్నాయి, బాట ఉంది, అందుకునేవాడే లేడు!

పరీక్ష చేద్దామని వాడు చెప్పినట్టు నోటిఫై-సెండ్ అనే ఆదేశం రాసి, పక్కన "పిన్నీ బాగున్నావా" అని చేర్చి కొట్టాను. ఆ పేరుగల వాడెవడూ ఇక్కడ లేడని యంత్రం జవాబు చెప్పింది. చిరునామాదారు లేరని ఉత్తరం తిరిగొచ్చినట్టన్నమాట. అప్పుడు డన్‌స్ట్ అనే చిన్న నౌకర్ని ఒక్క వాక్యంతో పెట్టుకున్నాను. ఇలాంటి వాళ్ళు ఇంకా కొందరున్నారు గానీ, ఒకేసారి ఇద్దర్ని పెట్టకూడదుట. ఆ బాట మీద నోటిఫికేషన్లు అందుకునే పేరు ఒక్కటే, ఒకరే దాన్ని పట్టుకోగలరు. వంటింట్లో గరిటె లాగన్నమాట.

మళ్ళీ ఆదేశం కొట్టాను. తెర మూల చీటీ లేచింది. అందులో అక్షరాలకి బదులు వరసగా గళ్ళు! తెలుగు ఫాంటు లేదు మరి. అదీ తెచ్చి పెట్టాక, నా తెర మీద, నేను రాసిన మాట, తెలుగులో, "పిన్నీ బాగున్నావా" అని కనబడింది. నా కళ్ళు చెమర్చాయంటే నవ్వుతారు గానీ, నిజం. ఇన్నేళ్ళలో ఆ మూల నుంచి నన్ను బాగున్నావా అని అడిగిన మొదటి చీటీ అది.

తరువాత బ్యాటరీ సంగతి. బ్యాటరీ ఎంత శాతం ఉందో లినక్స్ ఒక చిన్న ఫైల్లో అంకె వేసి పెడుతూనే ఉంటుంది. అయిదు నిమిషాలకోసారి ఆ అంకె చూసి, పదిహేనుకి తగ్గితే "బ్యాటరీ అయిపోతోంది, ముందు ఫైలు దాచుకో" అని చెప్పమని నాలుగు వాక్యాలు రాసుకున్నాను. మొదట దాన్ని వేళ ప్రకారం పనులు చేసే క్రాన్‌కి అప్పగించాను. చీటీ రాలేదు. క్రాన్ వాకిటి బయట మనిషి, నా తెరకి వచ్చే బాట దానికి తెలియదుట. అందుకని ఓపెన్‌బాక్స్ మొదలయ్యేటప్పుడే చూసుకునే ఆటోస్టార్ట్ అనే ఫైల్లో రాశాను. కుదిరింది. ఛార్జరు తీసేసి, గంటన్నర కూర్చుని, ఆ చీటీ వచ్చేదాకా చూశాను. దీపావళి మతాబుల కోసం చూసే పిల్లలా!

ఇంతవరకూ వంటకం. అసలు సంగతి ఇక్కడి నుంచీ.

ఈ కబుర్లకి ఒక ఒప్పందం రాసిపెట్టారు. దాని ప్రకారం కబుర్లు మూడు తరగతులు. లో, నార్మల్, క్రిటికల్. అంటే ఆనక చూసుకోవచ్చు, మామూలు, అత్యవసరం. మొదటి రెండూ కాసేపుండి పోవాలి. అత్యవసరం మాత్రం మనం చూసి మూసేదాకా పోకూడదు. బాగానే ఉంది కదూ? ఇది అత్యవసరమని ముద్ర వేసేదెవరు? పంపేవాడు!

అక్కడ నాకు తంతి గుర్తొచ్చింది. మన చిన్నప్పుడు తంతి వచ్చిందంటే గుండె ఝల్లుమనేది. ఎవరో పోయారేమోనని విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. తంతికి అంత బరువెందుకంటే, పంపేవాడు మాటకింతని డబ్బు కట్టాలి. ఎక్స్‌ప్రెస్ అయితే ఇంకా ఎక్కువ. అర్జంటు అనేదానికి ఖరీదుండేది, ఆ ఖరీదు పంపేవాడి జేబులోంచి పోయేది. అందుకని "బయల్దేరి రండి" అని ఊరుకునేవారు గానీ, చీరల మీద తగ్గింపుందని ఎవరూ తంతి కొట్టేవారు కాదు. 2013 జూలైలో మన దేశంలో తంతి మూసేశారు. తంతితో పాటు ఆ ధర్మమూ పోయింది. ఇప్పుడు అర్జంటు అనడానికి పంపేవాడికి పైసా ఖర్చు లేదు. ఖర్చంతా అందుకునేదానికి. నా సూదిలోంచి జారిపోయిన దారం, నేను మరిచిపోయిన వాక్యం, మళ్ళీ మొదటి నుంచి చదువుకునే పది నిమిషాలు, ఇవి ఎవరి లెక్కలో రాస్తారండీ?

నా వాదన ఒక్కటే. అర్జంటు ముద్ర పంపేవాడి చేతిలో ఉండకూడదు. అందుకునేవాళ్ళ చేతిలో ఉండాలి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. డన్‌స్ట్‌కి ఒక ఫైలుంది. అందులో, ఫలానా ప్రోగ్రాం ఎంత అర్జంటని అరిచినా నువ్వు ఆనక చూసుకునేవాటిలో వెయ్యి, అని రాసుకోవచ్చు. ఏ తరగతి చీటీ ఎన్ని క్షణాలుండాలో రాసుకోవచ్చు. రెండు నుంచి నాలుగున్నర దాకా ఏదీ చూపించకు, దాచి ఉంచు, అని ఒక్క ఆదేశంతో ఆపుకోవచ్చు. పని అయ్యాక తలుపు తీస్తే ఆగినవన్నీ వరసగా వస్తాయి. ఎవరో వాలంటీర్లు తీరిక వేళల్లో రాసి ఊరికే పంచిపెట్టే ఒక చిన్న ప్రోగ్రాం ఇంత మర్యాద చెయ్యగలిగితే, కోట్లు పోసి తయారుచేసే పెద్ద హంగులకి ఏం రోగం?

"వాళ్ళూ ఆపుకునే వీలు ఇస్తున్నారుగా, లోపలికి వెళ్ళి ఒక్కొక్కటే ఆపుకోవచ్చుగా" అంటారు మావారు. అదేగా నా మొర! వచ్చేవాడు తలుపు తట్టకుండా వస్తాడు, నేను మాత్రం ఒక్కొక్కడినీ వెతికి, దండం పెట్టి పంపించుకోవాలి. 2007లో మన దేశంలో అమ్మకాల ఫోన్లు వద్దనుకునేవాళ్ళ కోసం ఒక జాబితా పెట్టారు. పెట్టడం మంచిదే, నేనూ 1909కి చెప్పి అందులో చేరాను. కానీ న్యాయం ఆలోచించండి. మా ఇంట్లో దొంగతనం చెయ్యొద్దని ముందుగా మనం పేరు రాయించుకుంటున్నామా? ఫోన్లు కావాలనుకునేవాళ్ళు జాబితాలో చేరాలి గానీ, వద్దనుకునేవాళ్ళు చేరడమేమిటి?

ఫోన్లలో కొంత బుద్ధి వచ్చింది. కాదనను. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, కొత్తగా పెట్టుకున్న యాప్ కబుర్లు పంపేముందు అనుమతి అడగాలి. సంతోషం. అయినా ఒక్కసారి సరే అన్నామా, సరుకు గుమ్మంలోకి వచ్చిందని చెప్పే నోటితోనే, "మిమ్మల్ని చూసి చాలా రోజులైంది, బెంగగా ఉంది" అని కూడా చెబుతుంది. నా మీద బెంగ పెట్టుకోవడానికి మా అమ్మాయి ఉంది, కిరాణా కొట్టు అక్కర్లేదు.

"మరి నిజంగా ఆపదొస్తే?" అని మీరడగవచ్చు. బ్యాటరీ చావుతో నేను నేర్చుకున్నది అదే. నిశ్శబ్దం ఒక్కటే గొప్ప కాదు. ఏది ఆపదో నేను ముందే కూర్చుని ఎంచుకోవాలి. నేను ఎంచితే మూడే తేలాయి. బ్యాటరీ పదిహేనుకి తగ్గడం, డిస్కు నిండిపోవడం, నాకు పనిచ్చేవాళ్ళ దగ్గర నుంచి ఉత్తరం రావడం. ఇంట్లో మనుషుల ఆపదలకి ఫోను మోగుతుంది, తలుపు మోగుతుంది. రోజుకి వంద ఠింగులు వినే చెవికి నూటొకటోది ఆపదని తెలుస్తుందా? నాన్నా పులి కథ మనమే కదా పిల్లలకి చెబుతాం!

"ఇదంతా చేసుకునే ఓపిక అందరికీ ఎక్కడుంటుంది?" అన్నది మా పక్కింటి వదినగారి ప్రశ్న. దీనికి మాత్రం తలొంచుతాను. నాకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. అందరూ ఫైళ్ళు తెరిచి వాక్యాలు రాసుకోవాలని నేననను. తయారుచేసి ఇచ్చేవాడే నోరు మూసి ఇవ్వాలి, అంటాను. మొదటి రోజు మూగగా ఉండి, "అమ్మా, ఏయే సంగతులకి మిమ్మల్ని పిలవమంటారు?" అని ఒక్కసారి అడిగి, మనం చెప్పినవాటికే పిలవాలి. కొత్తగా చేరిన పనిమనిషికైనా ఆ మాత్రం తెలుసు.

ఈ నీతులన్నీ చెబుతూ మొన్న నేనే దొరికిపోయాను. అమ్మాయి పరీక్షకి చదువుకుంటోంది. వంటింట్లోంచి, "ఒసేయ్, ఒక్క నిమిషం" అని మూడుసార్లు కేకేశాను. కొత్తిమీర తెచ్చారా అని ఒకసారి, మేడ మీద బట్టలు తీశావా అని ఒకసారి, మూడోది నాకే గుర్తులేదు. మూడోసారికి అది పుస్తకం మూసి వచ్చి, "అమ్మా, నీవన్నీ క్రిటికలేనా?" అంది.

నోట మాట రాలేదు. ఆడవాళ్ళ ధ్యాస ఊరుమ్మడి బావి అనుకోవడం ఈ కంప్యూటర్లతో మొదలైంది కాదు. మా అమ్మ పుస్తకం పట్టుకుంటే ఇంట్లో అందరికీ ఒక్కసారే దాహం వేసేది. నా ధ్యాసని నలుగురూ తోడుకున్నారు. నేను నా కూతురి ధ్యాసని తోడుతున్నాను. యంత్రాలు తయారుచేసినవాళ్ళు మన ఇళ్ళని చూసే నేర్చుకున్నారేమో అనిపించింది.

అందుకని ఇంట్లో కూడా ఒక ఫైలు రాశాం, కాగితం మీద. అమ్మాయి చదువుకునే వేళ, నేను రాసుకునే వేళ, నిప్పూ నెత్తురూ అయితే తప్ప పిలవకూడదు. మిగతావి పలక మీద రాసి పెట్టాలి. అత్తయ్యగారు మొదట సణిగారు గానీ, ఇప్పుడు నా ఛార్జరు తియ్యాలంటే ముందు పలక మీద రాస్తున్నారు.

ఈ వ్యాసం ఇక్కడిదాకా వచ్చేసరికి నాలుగూ పది. హాల్లోంచి మావారి గొంతు వినబడింది. "ఏమోయ్..." అని మొదలుపెట్టి, ఆగి, "ఏం లేదులే, నార్మలే. కాఫీ సంగతి. పలక మీద రాస్తున్నాను" అన్నారు.

నాలుగున్నరకి పెడతాను. ఇంకా ఇరవై నిమిషాలు నావే.